డాన్యూబ్ ఇటు ఒడ్డూ అటు ఒడ్డూ: వఖావు లోయలో సైకిళ్ల మీద

ఆస్ట్రియాలో మెల్క్ నుంచి క్రెమ్స్ దాకా డాన్యూబ్ నది కొండల మధ్యగా పారే లోయ పేరు వఖావు. పొడవు సుమారు 36 కిలోమీటర్లు. సైకిల్ బాగా తొక్కేవాళ్లకు రెండు గంటల పని. జర్మనీలోని పసావ్ నుంచి వియన్నా దాకా వెళ్లే డాన్యూబ్ సైకిల్ దారిలో ఇది ఒక ముక్క కాబట్టి, చాలామంది పొద్దున మెల్క్‌లో బయలుదేరి మధ్యాహ్నానికల్లా దాటేస్తారు. అక్టోబరులో నేనూ నా స్నేహితుడూ మా సెలవంతా ఆ ముక్కకే పెట్టాం. ఈ లోయను ఒక ఒడ్డునే పట్టుకుని పోతే సగమే చూసినట్టని ఇప్పుడు గట్టిగా చెప్పగలను.

మావాడు హాస్టల్ రోజుల్లో నా రూమ్మేట్. ఇప్పుడు వియన్నాలో ఉద్యోగం. మోకాలి నొప్పితో పరుగు మానేసి సైకిల్ పట్టాడు. "ఎత్తు వచ్చినప్పుడు బలం పెట్టకురా, ముందే గేరు దించు, కాళ్లు తేలిగ్గా తిరుగుతుంటే చాలు" అని మొదటి రోజే చెప్పాడు. ఆ ఒక్క మాటతో నా తొక్కుడే మారిపోయింది. ఆయాసం లేకపోతే చుట్టూ చూడొచ్చు, పక్కపక్కనే వెళ్తూ మాట్లాడుకోవచ్చు.

వియన్నా నుంచి సైకిళ్లతో సహా రైల్లో మెల్క్ చేరాం. గుట్ట మీద పసుపు రంగులో నిలబడ్డ అక్కడి మఠాన్ని చూడకుండా కదలలేం. 1089 నుంచి బెనెడిక్టైన్ అనే క్రైస్తవ శాఖ సన్యాసులు ఉంటున్న చోటు. ఇప్పుడున్న కట్టడం 1702లో మొదలై 1736 నాటికి పూర్తయింది. లోపలి లైబ్రరీ చూసి బయటికొచ్చేసరికి నది మీద పొగమంచు విడిపోతోంది. శరత్కాలంలో ఇక్కడ తెల్లవారగానే బయలుదేరాలనే ఆత్రం పెట్టుకోకూడదు. పొద్దున చలికి వేళ్లు బ్రేకుల మీద కొయ్యబారిపోతాయి, రాలిన తడి ఆకుల మీద చక్రం జారుతుంది. పదింటి దాకా ఆగితే ఎండ వస్తుంది, దారి ఆరుతుంది.

మెల్క్ దాటాక క్రెమ్స్ దగ్గరి మౌటెర్న్ వచ్చేదాకా నది మీద ఒక్క వంతెన కూడా లేదు. ఇటు నుంచి అటు వెళ్లాలంటే పంటు ఎక్కాలి. అందరూ ఉత్తరపు ఒడ్డు పడతారు, పేరున్న ఊళ్లన్నీ అటే కాబట్టి. మేం దక్షిణపు ఒడ్డున మొదలుపెట్టాం. ఇటు అడవి, పళ్లతోటలు, చిన్న చిన్న ఊళ్లు. ఆకులు పండిన ఆప్రికాట్ చెట్ల మధ్య నుంచి దారి. అవతలి ఒడ్డున దక్షిణానికి ముఖం పెట్టిన కొండలు, వాటి మీద మెట్లు మెట్లుగా పసుపు తిరిగిన ద్రాక్షతోటలు, ఎండంతా వాటి మీదే. ఆ పసుపును చూడాలంటే ఈ ఒడ్డునే ఉండాలి. అక్కడే నిలబడితే కాళ్ల దగ్గరి నాలుగు తీగలే కనిపిస్తాయి.

ఒడ్డు వెంట కిలోమీటర్ల బోర్డులుంటాయి. డాన్యూబ్‌ను సముద్రం వైపు నుంచి కొలుస్తారు కాబట్టి మేం ముందుకు పోతున్నకొద్దీ అంకెలు తగ్గుతుంటాయి. నల్ల సముద్రం ఇంకా రెండు వేల కిలోమీటర్ల పైనే ఉంది.

ఆగ్‌ష్టైన్ కోట కింద సైకిళ్లు దిగాం. నదికి దాదాపు 300 మీటర్ల ఎత్తున శిథిలం. పైకి మావాడి మోకాలు ఒప్పుకోదు, నాకూ ఆ తొందర లేదు. కింద గడ్డి మీద కూర్చుని రొట్టె తిన్నాం. అక్కడే వాడు వాళ్ల నాన్న గురించి మొదలుపెట్టాడు. ఆయన పోయినప్పటి నుంచి ఫోన్లో ఎన్నిసార్లు కదిపినా "బానే ఉన్నాన్రా" అని మాట తప్పించేవాడు. ఇక్కడ మాత్రం ఆసుపత్రిలో ఆఖరి వారం సంగతి చెప్పాడు. కొంత చెప్పి లేచి సైకిలెక్కాడు, చాలా దూరం ఏమీ మాట్లాడలేదు, మళ్లీ అక్కడి నుంచే అందుకున్నాడు. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు మధ్యలో వచ్చే మౌనం ఇబ్బంది పెడుతుంది. సైకిల్ మీద దారి ఉంటుంది, తొక్కాల్సిన పని ఉంటుంది, ఎవరూ ఎవరి ముఖమూ చూడక్కర్లేదు. నేను పెద్దగా ఓదార్చిందేమీ లేదు. వాడి పక్కనే, వాడి వేగంతో తొక్కాను.

ఆర్న్స్‌డోర్ఫ్ నుంచి అవతల ష్పిట్స్ ఊరికి పంటు మీద దాటాం. గోదావరి మీద పంటు ఎక్కినవాళ్లకు దాన్ని చూడగానే ప్రాణం లేచొస్తుంది, కానీ దీనికి ఇంజనే లేదు. నదికి అడ్డంగా పైన ఒక ఇనుప తాడు కట్టి, దానికి పంటును తగిలించారు. నడిపే అతను పంటును ప్రవాహానికి కాస్త ఏటవాలుగా తిప్పుతాడు, నీళ్ల తోపుడే దాన్ని అవతలికి చేరుస్తుంది. మోత లేదు, పొగ లేదు. ఇది సాగాలంటే నదిలో వేగం ఉండాలి. ఆస్ట్రియాలో డాన్యూబ్‌కు చాలాచోట్ల విద్యుత్ కేంద్రాల ఆనకట్టలున్నాయి, అడ్డు లేకుండా పారే భాగాలు రెండే మిగిలాయి. ఒకటి ఇది, రెండోది వియన్నాకు తూర్పున. ఇక్కడా ఆనకట్ట కట్టాలనుకుంటే స్థానికులే పోరాడి ఆపించారు. 2000లో యునెస్కో ఈ లోయను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ పోరాటం జరగకపోతే చేర్చడానికి ఏం మిగిలేదో అనిపిస్తుంది నాకు.

ష్పిట్స్ నుంచి కాస్త వెనక్కి తొక్కితే విల్లెన్‌డోర్ఫ్. 1908లో రైలు మార్గం వేస్తున్నప్పటి తవ్వకాల్లో 11 సెంటీమీటర్ల స్త్రీ బొమ్మ బయటపడింది ఇక్కడే. సుమారు 30 వేల ఏళ్ల నాటిది. అసలు బొమ్మ వియన్నా మ్యూజియంలో ఉంది, ఇక్కడ చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు, అయినా వెళ్లాలి. ఆ సున్నపురాయి ఉత్తర ఇటలీ నుంచి వచ్చి ఉండొచ్చని 2022లో వచ్చిన పరిశోధన చెప్పింది. చక్రమే లేని కాలంలో ఎన్ని తరాల చేతులు మారుతూ ఆ రాయి ఆల్ప్స్ అవతలి నుంచి ఈ ఒడ్డుకు వచ్చిందో! మావాడు అక్కడ చాలాసేపు నిలబడిపోయాడు.

మళ్లీ కిందికి వస్తుంటే సాంక్ట్ మిఖాయెల్ చర్చి. పైకప్పు అంచున ఏడు మట్టి జంతువులుంటాయి. ఒక ఏడాది మంచు పైకప్పు దాకా పేరుకుంటే కుందేళ్లు దాని మీదుగా పరుగెత్తాయని ఊళ్లో కథ. తోటల్లో కోతలు సాగుతున్నాయి. ఆ ఏటవాలు మెట్ల మీద యంత్రాలు నడవవు, గుత్తి గుత్తీ చేత్తోనే కోయాలి. మెట్లను నిలబెట్టేవి సున్నం, సిమెంటు లేకుండా పేర్చిన రాతి గోడలు. పగలు ఎండను దాచుకుని రాత్రి తీగలకు వెచ్చదనం ఇస్తాయి. వాటి సందుల్లో పచ్చటి బల్లులు బతుకుతాయి. ఈ లోయలో బాగా పండిన ద్రాక్షతో చేసే మేలురకం వైన్‌కు ఆ బల్లి పేరే పెట్టారు, స్మరాగ్ద్ అని.

గుమ్మం మీద పచ్చటి కొమ్మల గుత్తి వేలాడితే ఆ ఇంటి రైతు తన వైన్‌ను తానే అమ్ముతున్నట్టు. రైతులకు ఈ హక్కు 1784లో రెండో జోసెఫ్ చక్రవర్తి శాసనంతో వచ్చింది. శరత్కాలంలో ష్టుర్మ్ అని ఇంకా పులుస్తూ ఉన్న ద్రాక్షరసం దొరుకుతుంది. గ్యాస్ పుడుతూనే ఉంటుంది కాబట్టి సీసాకు మూత బిగించరు. మసకగా, తియ్యగా ఉంటుంది. తాగితే ఆ రోజుకు సైకిల్ పక్కన పెట్టేయాలి, మేం రాత్రి బస చేరాకే తాగాం.

వైసెన్‌కిర్ఖెన్‌లో ఇంకో పంటెక్కి మళ్లీ దక్షిణానికి దాటాం. రోసాట్స్ దగ్గర ఆగితే నీళ్లకు అవతల డ్యూర్న్‌ష్టైన్ చర్చి నీలం గోపురం, పైన కోట శిథిలం కనిపిస్తాయి. ఇంగ్లండ్ రాజు మొదటి రిచర్డ్‌ను 1192 చివర్లో బంధించి ఉంచింది ఆ కోటలోనే. ఆయన్ని విడిపించేందుకు ఇచ్చిన సొమ్ములో ఆస్ట్రియా వాటాతో వియన్నా గోడలు కట్టారు. మావాడికి ఇది మా ట్రిప్‌లోకెల్లా నచ్చిన చోటు. నాకు మాత్రం ఆప్రికాట్ తోటల దారే.

వెళ్లాలనుకునేవాళ్లకు రెండు సంగతులు. మధ్యాహ్నం వరకు దక్షిణపు ఒడ్డున తిరిగి, మూడింటికల్లా ఉత్తరానికి దాటండి. అక్టోబరులో పొద్దు వాలితే దక్షిణపు ఒడ్డు తొందరగా నీడలోకి పోతుంది, చలి పట్టేస్తుంది. పంట్ల వేళలు కాలాన్ని బట్టి మారతాయి, ముందు రోజే చూసుకోండి. ఆఖరి పంటు తప్పితే అవతలి ఒడ్డుకు చేరాలంటే వెనక్కి మెల్క్ దాకానో, ముందుకు మౌటెర్న్ దాకానో చీకట్లో తొక్కాలి.