ట్వీడ్ నదిలో శరత్కాలపు సాల్మన్

స్కాట్లాండ్‌లోని స్పే నదిపై సాల్మన్ చేపల వేట సెప్టెంబర్ 30తో ముగిసినా ట్వీడ్‌పై నవంబర్ 30 వరకు సాగుతుంది కనుక, అక్టోబరులో మెల్‌రోజ్ ఊరి దగ్గర నడుం లోతు నీటిలో నిలబడే భాగ్యం నాకు కలిగింది. గుడ్లు పెట్టడానికి సముద్రం నుండి తిరిగివచ్చిన సాల్మన్ నదిలో మేత ముట్టదు. అయినా గాలానికి ఈకలు, జరీపోగులు చుట్టి కట్టిన ‘ఫ్లై’ అనే ఉత్తుత్తి ఎరను ఎందుకు నోట పట్టుకుంటుందో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. నన్ను కట్టిపడేసినది ఆ చిక్కుముడే.

చిక్కిన ఆడచేప వెండి మెరుపు తగ్గి, ముదురు రంగు తిరిగి, నిండు గర్భంతో ఉంది. దాన్ని నీటిలోనే ఉంచి, ముల్లు లేని గాలం తీసి, తలను ప్రవాహానికి ఎదురుగా పట్టుకున్నాను. మొప్పలు కుదురుగా ఆడగానే తోక విదిలించి వెళ్ళిపోయింది. సాల్మన్ ఇంతగా తగ్గిపోయిన కాలంలో వదిలేయడమే న్యాయం. ఆదివారాలు సాల్మన్‌ను, సీ ట్రౌట్ చేపను పట్టకూడదని స్కాట్లాండ్ చట్టమే చెబుతుంది. ఆ నియమం నాకెంతో నచ్చింది.