అలంపూర్ మ్యూజియంలో నాయనతో ఒక పూట

నాయనకు డెబ్బై ఐదేళ్లు. మోకాళ్ల నొప్పులతో వీధి చివరి దాకా నడవడమే కష్టం. అలాంటిది పోయిన నెల ఒక పొద్దున తనే "అలంపూర్ పోయొద్దాం రా" అన్నాడు. కర్నూలు నుంచి పాతిక కిలోమీటర్లు. తుంగభద్ర వంతెన దాటి చౌరస్తా దగ్గర తిరిగితే ఇంకాసేపట్లో ఊరు.

ముందు జోగులాంబ దర్శనం చేసుకున్నాం. ఇప్పుడున్న గుడి 2005లో కట్టింది. పాత గుడి కూలిపోయాక కొన్ని వందల ఏళ్లు అమ్మవారు బాలబ్రహ్మ ఆలయంలోనే పూజలందుకున్నారు. బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మ ఆలయాలను, వాటి శిఖరాలను ఎంతసేపైనా చూడొచ్చు. కానీ ఆ రోజు నాయన మనసు పక్కనున్న చిన్న మ్యూజియం మీద ఉంది. గుడికొచ్చిన వాళ్లలో ఎక్కువ మంది అటు రాలేదు. లోపల మేమిద్దరం, కాపలా ఉన్న ఒకాయన, అంతే.

నటరాజు, మహిషాసురమర్దిని, ఇంకా ఎన్నో విగ్రహాలు. నాయన ఒక్కొక్క దాని దగ్గరా ఆగి, చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూశాడు. లజ్జాగౌరి ముందుకు వచ్చేసరికి ఇక కదల్లేదు. తల ఉండాల్సిన చోట విచ్చిన తామరపువ్వు, రెండు కాళ్లూ ఎడంగా మడిచి ప్రసవానికి సిద్ధమైన తల్లి రూపం. బిడ్డల కోసం ఆడవాళ్లు మొక్కుకున్న దేవత. "మా అమ్మ అలంపూర్‌లో మొక్కుకుంటేనే నేను పుట్టినానంట" అన్నాడు. ఇన్నేళ్లలో ఈ మాట నాకు ఎప్పుడూ చెప్పలేదు. నేనూ ఆ రాతి వంకే చూస్తూ నిలబడ్డాను. మా అవ్వ ఫొటో కూడా ఇంట్లో లేదు.

ఎందుకు లేదంటే, నాయన పుట్టిన ఊరు కొల్లాపూర్ వైపు కృష్ణ ఒడ్డున ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోయింది. 1981లో ఊరు ఖాళీ చేసేటప్పుడు తలుపులు, దూలాలు, రోలు బండి మీద వేసుకుని కర్నూలు చేరారు. ఒక ట్రంకు పెట్టెలో ఫొటోలు తెచ్చుకున్నారు. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలు మునిగినప్పుడు మా ఇంట్లో ఆ పెట్టె కూడా మునిగింది. ఆ వరద అలంపూర్‌నూ వదల్లేదు.

మ్యూజియం నుంచి ఆటోలో సంగమేశ్వరాలయానికి వెళ్లాం. ఇది ఇక్కడ కట్టింది కాదు. కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లిలో ఉండేది. ముంపు వస్తుందని రాయి రాయీ విప్పి, ఇక్కడికి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. పాపనాశి గుళ్లనూ అలాగే తరలించారు. ఎక్కడి రాయి అక్కడే కూర్చునేలా ఇంత గుడిని మళ్లీ కట్టడం ఎంత ఓపిక పని! ఆ పని చేసిన వాళ్లకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. అలంపూర్ శాసనాల వెంట జీవితమంతా తిరిగిన గడియారం రామకృష్ణ శర్మ గారి లాంటి వాళ్లు ఉండబట్టే ఈ ఊరి చరిత్ర మనకు ఇంతగా తెలిసింది.

నాయన గోడకు చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. "గుడిని ఎత్తుకొచ్చినారు. మంచి పని. మా ఊర్లో వీధులుండె, బావి ఉండె, రచ్చకట్ట ఉండె. అవి ఏడ చూడాల?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మునిగిన ఊళ్లకు కూడా ఒక చిన్న గది కావాలి. ఒక రోలు, ఒక తలుపు, ఒక పేర్ల పట్టిక ఉన్నా చాలు.

తిరుగు బస్సులో నాయన కిటికీ పక్కన కూర్చున్నాడు. "మీ ఇంటి పక్కన ఎవరుండేవాళ్లు?" అని అడిగాను. మొదలుపెట్టాడు. కుమ్మరి వాళ్ల ఇల్లు, తర్వాత సందు, చింతచెట్టు, ఆ చెట్టు కింద కల్లం. నేను ఫోన్లో రాసుకుంటూ పోయాను. వంతెన వచ్చేసరికి ఒక వీధి పూర్తయింది.