వాలు నేల మీద అయిదడుగుల అక్వేరియం: నా అనుభవం

మాది విశాఖ సీతమ్మధారలో పాత అపార్ట్‌మెంటు. కింద పార్కింగు, దాని పైనే మా ఫ్లాటు. హాల్లో పాలరాయి పరిచి, కడిగిన నీళ్ళన్నీ బాల్కనీ వైపు పోయేలా వాటం ఇచ్చారు. ఇల్లు కడుక్కోవడానికి హాయిగానే ఉంటుంది కానీ, అక్కడ పెద్ద ట్యాంకు పెట్టాలంటే ఆ వాటమే అడ్డం. మా ఆస్కార్ చేపలు రెండూ అడుగు దాకా పెరిగాయి. మూడడుగుల ట్యాంకులో వెనక్కి తిరగడానికి కూడా వాటికి చోటు చాలడం లేదు. అందుకే 5 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తుతో, 12 ఎంఎం గ్లాసుతో కొత్త ట్యాంకు చేయించాను.

ముందు బరువు సంగతి తేల్చుకోవాలి. నీళ్ళే 520 లీటర్లు. గ్లాసు బరువు వంద కేజీలు దాటుతుంది. స్టాండు, ఇసుక, రాళ్ళు కలుపుకుంటే 750 కేజీల పైమాటే. ఇళ్ళలో గదుల స్లాబుకు ఐఎస్ 875 (భవనాల మీద పడే బరువులకు భారత ప్రమాణం) ప్రకారం లెక్క కట్టే బరువు చదరపు మీటరుకు సుమారు 200 కేజీలు. మా ట్యాంకు కూర్చునే చోటు ఒక్క చదరపు మీటరు కూడా లేదు. మా ఆడపడుచు భర్త స్ట్రక్చరల్ ఇంజినీరు. అన్నయ్య గారు వచ్చి నన్ను పార్కింగులోకి తీసుకెళ్ళి పైకి చూడమన్నారు. కింద నుంచి బీములు స్పష్టంగా కనిపిస్తాయి. పిల్లర్ నుంచి టేపుతో కొలుచుకుని, పైన హాల్లో అదే కొలతకు గోడ వెంబడి సుద్దతో గీత గీశాం. స్టాండు పొడవంతా బీము మీదే రావాలి, గోడకు దగ్గరగా ఉండాలి. వేరే చోట పెట్టడానికి ఆయన ఒప్పుకోలేదు. మీ ఇంట్లో బీములు కనిపించకపోతే ఇంజినీరును అడగకుండా ఇంత ట్యాంకు పెట్టకండి.

తాపీ మేస్త్రి వచ్చి ముందు రూపాయి బిళ్ళతో రాళ్ళ మీద కొట్టి చూశాడు. ఒక రాయి గుల్లగా మోగింది. "దీని మీద కాలు పెడితే పగిలిపోద్దమ్మా" అన్నాడు. గీత వెంబడే స్టాండును నాలుగంగుళాలు పక్కకు జరిపితే ఆ రాయి కాళ్ళ మధ్యకు వచ్చింది.

తర్వాత కొలతలు. రసమట్టాన్ని (స్పిరిట్ లెవెల్) నమ్మే ముందు దాన్నే పరీక్షించాలి. ఒకచోట పెట్టి బుడగ ఎక్కడుందో చూసి, అదే చోట అటుదిటు తిప్పి పెట్టాలి. బుడగ గదిలో మళ్ళీ అదే వైపుకు, అంతే దూరంలో నిలిస్తే రసమట్టం మంచిదే. అయిదడుగుల పొడవుకు మాత్రం మేస్త్రి పారదర్శకమైన పైపులో నీళ్ళు నింపి వాడాడు; రెండు చివరల్లోనూ నీళ్ళు ఒకే మట్టంలో నిలుస్తాయి, అక్కడి నుంచి నేలకు కొలవడమే. పైపులో గాలి బుడగ ఉండకూడదు, రెండు చివరలూ తెరిచే ఉంచాలి.

వెనక ఎడమ మూల అన్నిటికంటే ఎత్తు. దానికంటే వెనక కుడి మూల 11 ఎంఎం, ముందు ఎడమ 5, ముందు కుడి 13 పల్లం. ఇక్కడ ఒక లెక్క ఉంది. నేల సాపుగా ఉండి ఊరికే వాలి ఉంటే ముందు కుడి మూల 11, 5 కలిపి 16 రావాలి. వచ్చింది 13. అంటే నేలలో 3 ఎంఎం మెలిక ఉంది. నాకు అసలు టెన్షన్ ఈ మెలిక గురించే. ట్యాంకు ఒక పక్కకు ఒక సెంటీమీటరు వాలితే ఆ చివర అడుగున నీటి ఒత్తిడి రెండు శాతం కూడా పెరగదు. నీటి గీత వంకరగా కనిపించి చూపుకు బాగుండదు, అంతే. కానీ స్టాండు మెలి తిరిగి ఉంటే దాని మీద కూర్చున్న గ్లాసు కూడా మెలి తిరగాలని చూస్తుంది. గ్లాసు వంగదు కాబట్టి ఆ బాధంతా మూలల్లో సిలికాన్ అతుకుల మీద పడుతుంది. ముందు గ్లాసు మీద నీటి తోపు ఒక్కటే దాదాపు 240 కేజీలు ఉంటుంది. దానికి ఇది కూడా తోడవకూడదు.

స్టాండు రెండంగుళాల ఇనుప స్క్వేర్ పైపుతో, ఆరు కాళ్ళతో వెల్డింగ్ చేయించాను. వెల్డింగ్ వేడికి ఇనుము లాగేస్తుంది, అందుకని షాపులోనే చూసుకోవాలి. పై ఫ్రేముకు మూల నుంచి ఎదుటి మూలకు రెండు దారాలు బిగించి కట్టించాను. మధ్యలో ఆ రెండూ ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు ఉండాలి. మాకు సందు కనిపించింది. ఒక అతుకు కోసి మళ్ళీ వేశాక కుదిరింది. విశాఖ ఉప్పుగాలికి ఇనుము ఎంత తొందరగా తుప్పు పడుతుందో మనకు తెలిసిందే. రెడ్ ఆక్సైడ్ రెండు కోట్లు, దానిపై ఎనామిల్ పెయింటు వేయించాను, పైపుల లోపలికి గాలి వెళ్ళకుండా మూతలు కూడా.

కాళ్ళకు తిప్పే బోల్టులు పెట్టమని చాలామంది చెప్పారు. బరువంతా బోల్టు మొన మీద పడితే పాలరాయి చీలుతుందని నేను వద్దన్నాను. నాలుగంగుళాల ప్లేట్లు వేయించి, సరిగ్గా ఆ సైజుకే 1, 2, 5 ఎంఎం స్టెయిన్‌లెస్ స్టీల్ ముక్కలు కోయించాను. చెక్క ముక్కలైతే తడికి ఉబ్బుతాయి, తర్వాత నలుగుతాయి. ఎత్తు మూలను అలాగే ఉంచి మిగతా మూడు మూలలకు ప్యాకింగ్ పెట్టాం. మధ్య కాళ్ళు రెండూ ఆఖర్న. వాటి కింద కాగితం కూడా దూరకూడదు, అలాగని అవి స్టాండును పైకి లేపకూడదు. ఆ రెండు కాళ్ళకే ఎక్కువ సమయం పట్టింది, పట్టనిచ్చాను.

పైన 18 ఎంఎం మెరైన్ ప్లైవుడ్, దాని మీద అరంగుళం థర్మాకోల్, ఆపైన ట్యాంకు. థర్మాకోల్ గరుకునూ సన్న ఇసుక రేణువులనూ మింగుతుంది కానీ వాలును సరిచేయదు. ట్యాంకుకూ స్టాండుకూ మధ్య ముక్కలు దోపడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. ఏం పెట్టినా స్టాండు కాళ్ళ కిందే.

నీళ్ళు పావు వంతు పోసి, అడుగు గ్లాసు నుంచి నీటి మట్టం దాకా నాలుగు మూలల్లో స్కేలుతో కొలిచాను. కుడివైపు 3 ఎంఎం లోతు ఎక్కువ వచ్చింది. బరువు పడ్డాక ప్యాకింగ్ సర్దుకుని దిగిందన్నమాట. నీళ్ళతోనే జాకీ పెట్టి లేపేద్దామని మా వారు అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఒక మూల లేస్తే మెలి మనమే తెప్పించినట్టవుతుంది. నీళ్ళు తోడేసి, నలుగురం కలిసి ట్యాంకు దించి, కుడి కాళ్ళ కింద మూడేసి ఎంఎం, మధ్య కాళ్ళ కింద దాంట్లో సగం పెంచాం. మళ్ళీ పావు, సగం, ముప్పావు, నిండుగా, ప్రతి దశలోనూ ఒక రాత్రి ఆగి కొలుస్తూ వచ్చాను. నిండాక నాలుగు మూలల మధ్య తేడా ఒక్క ఎంఎం. ఇక దాన్ని ముట్టుకోలేదు.

ఆస్కార్లను మాత్రం అప్పుడే వదల్లేదు. నీళ్ళల్లో క్లోరిన్ పోగొట్టి, పాత ట్యాంకు ఫిల్టర్ స్పాంజిని కొత్త ఫిల్టర్‌లో పెట్టి, అమ్మోనియా టెస్టులో సున్నా చూశాకే మార్చాను.