910 కిలోహెర్ట్జ్‌ల తేడా

ఒక విదేశీ షార్ట్‌వేవ్ స్టేషను పంపిన క్యూఎస్ఎల్ కార్డు నిన్న మధ్యాహ్నం నా చేతికి అందింది. ఫలానా రోజున, ఫలానా వేళకు మీ ప్రసారం ఇలా వినిపించిందని శ్రోత రాసి పంపితే, అది నిజమేనని స్టేషనువారు ధ్రువీకరిస్తూ పంపే కార్డు ఇది. దీని కోసం నాకు అయిదు నెలలు పట్టింది. అందులో నాలుగు నెలలు నా అహంకారం వల్లా, రేడియో అమ్మినవాడి అబద్ధం వల్లా వృథా అయ్యాయి.

వినడం వరకు నాకు పెద్ద ఇబ్బంది కలగలేదు. ఇంట్లోని ఎల్‌ఈడీ బల్బులు, ఫోను ఛార్జర్లు, ఇన్వర్టరు కలిసి చేసే గరగర భరించలేక, రేడియోను బ్యాటరీల మీద నడుపుతూ డాబా మీదికి మకాం మార్చాను. పిట్టగోడకు కట్టిన వెదురుకర్ర నుంచి తొడుగున్న రాగితీగను లాగి ఏరియల్‌కు తగిలించాను. రాత్రిళ్లు 49, 41, 31 మీటర్ల బ్యాండ్లు, పగలు 19, 16 మీటర్ల బ్యాండ్లు బాగా పలుకుతాయన్న సంగతి వారం రోజుల్లో తెలిసిపోయింది.

రిపోర్టు రాయడం కూడా సులువే. మన గడియారంలోంచి అయిదున్నర గంటలు తీసేసి, ప్రపంచమంతటికీ ఒకటే ప్రామాణిక కాలమైన యూటీసీలో వేళ వేయాలి. తెల్లవారుజామున అయిదున్నర లోపల విన్నదానికి ముందురోజు తేదీ వేయాలని మరవకూడదు. సిగ్నలు బలం, ఇతర స్టేషన్ల అడ్డు, రొద, ప్రసారంలో ఒడిదుడుకులు, మొత్తం మీద వినికిడి అనే అయిదింటికీ ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు వేయడాన్ని సిన్పో అంటారు. అన్నిటికీ అయిదేసి వేసి పంపేవారిని నేను శ్రోతలుగా లెక్కించను.

ఇక నా పరువు పోయిన ఘట్టం. ఒక సాయంత్రం ఎనిమిదిన్నరకు తెరమీద 8,900 కిలోహెర్ట్జ్‌లు కనిపిస్తుండగా యూరపు స్టేషనొకటి స్పష్టంగా వినిపించింది. వాళ్ల కాలపట్టికలో ఆ వేళకు ఉన్నది 9,810 మాత్రమే. తెలిసినవాడైతే అక్కడే అనుమానించేవాడు. నేను మాత్రం, వీళ్లు ఎవరికీ చెప్పకుండా రెండో ఫ్రీక్వెన్సీ మీద కూడా ప్రసారం చేస్తున్నారని కథ అల్లుకుని, శ్రోతల వాట్సాప్ బృందంలో ఆ సంగతి చాటుకుని, స్టేషనుకు రెండు పేజీల రిపోర్టు పంపాను. ఆ ఫ్రీక్వెన్సీలో తమకు ప్రసారమే లేదని జవాబు వచ్చింది. ఊరుకోకుండా రికార్డింగు జతచేసి మళ్లీ పంపాను. రెండోసారి ఒక్క వాక్యంలో అదే జవాబు ఇచ్చారు.

బృందంలో వాల్వు రేడియోల కాలం నుంచీ వింటున్న ఒక పెద్దాయన, "తమ్ముడూ, ఆ అంకెకు 910 కలిపి అక్కడ విను" అని రాశారు. ఆయన రోజులు వేరు, ఇప్పటి రేడియోలు వేరు అని అందరి ముందూ ఎదురు చెప్పాను. ఆ రాత్రే ఎవరూ చూడకుండా 9,810కి తిప్పితే, అదే గొంతు ఇంకా బిగ్గరగా పలికింది.

లెక్క తరువాత అర్థమైంది. నా రేడియో వచ్చిన ప్రతి సిగ్నలునూ 455 కిలోహెర్ట్జ్‌లకు మార్చుకుంటుంది. అందుకోసం లోపల ఆసిలేటరు అనే భాగం సొంతంగా ఒక తరంగాన్ని పుట్టిస్తుంది; దానికీ వచ్చిన సిగ్నలుకూ మధ్య తేడాయే ఆ 455. 8,900 వినడానికి ఆసిలేటరు 9,355 మీద నడుస్తుంది. 9,355కు పైన సరిగ్గా 455 దూరంలో ఉన్నది 9,810. రేడియోకు ఈ రెంటికీ తేడా తెలియదు కాబట్టి, పైనున్న బలమైన స్టేషను కింద కూడా దూరుతుంది. దీన్నే ఇమేజ్ అంటారు. సిగ్నలును రెండుసార్లు మార్చే డబుల్ కన్వర్షన్ రేడియోల్లో మొదటి మార్పిడి ఎక్కువ ఫ్రీక్వెన్సీకి జరుగుతుంది కాబట్టి ఇమేజ్ చాలా దూరానికి పోతుంది, ముందున్న ఫిల్టరు దాన్ని ఆపగలుగుతుంది. నేను కొన్న రేడియో పెట్టె మీద "డబుల్ కన్వర్షన్" అని పెద్ద అక్షరాలతో ఉంది, లోపల జరిగేది మాత్రం ఒకే మార్పిడి. ఆ మాట నమ్మినందువల్లే నేను ఆ పెద్దాయనతో వాదించాను. అమ్మినవాడిని అడిగితే, స్టేషను వినపడుతోంది కదా, ఇంకేమి కావాలని ఎదురు ప్రశ్న వేశాడు.

కాబట్టి దుకాణంలో కొనేవారు డబ్బు ఇచ్చే ముందు ఒక బలమైన స్టేషను పట్టి, అక్కడి నుంచి 910 కిందికి తిప్పి చూడండి. అక్కడ కూడా అదే గొంతు వస్తే ఆ రేడియోను అక్కడే వదిలేయండి.

పెద్దాయనకు క్షమాపణ చెప్పి, 9,810 మీద మళ్లీ నలభై నిమిషాలు విని, కొత్త రిపోర్టు పంపాను. నాలుగు వారాల్లో కార్డు వచ్చింది. ఫ్రీక్వెన్సీ ఉన్న గడిలో 9,810 అని చేత్తో రాసి, దాని కింద రెండు గీతలు గీశారు.