సొట్టపడని స్టవ్

పదకొండున్నర దాటింది. ఇంటాయన తొమ్మిదింటి చర్చ మొత్తం చూసి పడుకున్నారు. చిన్నది లోపల రేపటి ఇంటర్నల్స్‌కి చదువుకుంటోంది. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. ఇది రాసేస్తే పడుతుందేమో.

పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి ఫోన్ తీస్తే అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక ఫొటో. కాలేజీ ఐడీ కార్డులో ఫొటోను పెద్దది చేసి పెట్టారు. రెండు జడలు, చిన్న బొట్టు, మెడలో కార్డు తాలూకు నీలం తాడు. కింద ఆ అమ్మాయి పేరు, ఊరు, వాళ్ల నాన్న ఏం పని చేస్తాడన్నది కూడా. ఆ పిల్లకు ఏం జరిగిందో రెండు లైన్లు. ఆ రెండు లైన్లు నేనిక్కడ రాయను. వాటి కింద దండం పెట్టే బొమ్మలు పదిహేడు. పద్దెనిమిదో మెసేజ్, ఇవాళ నీళ్ల ట్యాంకర్ ఎన్నింటికి వస్తుందని.

"దయచేసి ఆ ఫొటో తీసేయండి" అని పెట్టాను. టీవీలోనే చూపించారు కదా మేడమ్ అని ఒకరు. అందరికీ తెలియాలి కదా, అవేర్‌నెస్ కోసం అని ఇంకొకరు. ఆ తర్వాత మూడో అంతస్తు పెద్దాయన. "భావ ప్రకటనా స్వేచ్ఛ అని పోయిన నెల మాకందరికీ చెప్పింది మీరే కదమ్మా" అన్నారు.

పోయిన నెల గొడవ మీకు చెప్పాను. కింద రీడింగ్ రూమ్‌లో ఉన్న కథల పుస్తకం పిల్లలు చదివితే చెడిపోతారని, బీరువాలోంచి తీసేయాలని పట్టుబట్టింది ఆయనే. అందులో ఒక ఆడమనిషి మీద జరిగిన అఘాయిత్యం గురించి కథ ఉంది. ఆ మనిషి ఎక్కడా లేదు, రాసినావిడ మనసులో పుట్టింది. ఆ కథ చదివి ఎవరి తల్లీ తల దించుకోనక్కర్లేదు. అది ఆయనకు బూతు అయింది. నిజంగా ఉన్న పిల్ల, నిజంగా ఉన్న తండ్రి, వాళ్ల ఊరు, ఇదేమో అవేర్‌నెస్. పొద్దున్నుంచీ నా కడుపు మండుతున్నది ఇందుకే.

పాలు పొంగిపోయాయి. స్టవ్ తుడుస్తూ చిన్నదాన్ని అడిగాను. అది లా పుస్తకాల్లో చూసి చెప్పింది. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్. అత్యాచార బాధితురాలు ఎవరో తెలిసేలా ప్రచురిస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. కొత్తదేం కాదు, 1983 నుంచి ఐపీసీలో 228ఏగా ఉన్నదే. చనిపోయినా సరే పేరు బయట పెట్టకూడదని 2018లో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదంతా గ్రూపులో పెట్టాను. ఐదు నిమిషాల్లో ఫొటో మాయం. దండాల బొమ్మలు మాత్రం అలాగే ఉన్నాయి, దేనికి పెట్టారో తెలియకుండా.

గెలిచినట్టే లెక్క. కానీ సాయంత్రం చిన్నది కాఫీ తాగుతూ, "అమ్మా, వాళ్లకి అర్థమై తీసేశారంటావా, నువ్వు జైలు అన్నావని భయపడి తీసేశారంటావా?" అంది. పోయిన నెల ఆయన నన్ను బెదిరించింది కూడా కేసు పెడతాననే. నేను చేసిందీ అదే కదా అనిపించింది. అదే పనా? రాత్రి వంట చేస్తున్నంతసేపూ కాదు అనే అనుకున్నాను. ఆయన ఆపాలనుకున్నది ఒక ఊహని. నేను ఆపింది ఒక పిల్ల ముఖాన్ని వీధిన పెట్టడాన్ని. రెండూ ఒకటి ఎట్లా అవుతాయి? ఎవరి పేరూ ఎవరూ ఎత్తకూడదు, అంతే అనుకున్నాను.

అప్పుడు గ్రీమ్స్‌పేట గుర్తొచ్చింది. చిత్తూరులో మా పక్కింటి అక్క. ఆ అక్క గురించి ఇక్కడ ముక్కలు ముక్కలుగా రాశాను గానీ అంతా ఎప్పుడూ రాయలేదు.

తనకి అరవం బాగా వచ్చు. మధ్యాహ్నం అన్నాలయ్యాక వాకిట్లో వేపచెట్టు కింద చాప పరిచి, బస్టాండు బంకులోంచి తెప్పించిన అరవ వారపత్రిక ముందేసుకుని, అందులోది అక్కడికక్కడే తెలుగు చేసి మాకు చదివి వినిపించేది. మా అమ్మ, పెద్దమ్మ (తన తల్లిని మేం అట్లా పిలిచేవాళ్లం), ఎదురింటివాళ్లు, పూలు కట్టుకుంటూ వినేవాళ్లు. సీరియల్ కన్నా నేరాల వార్తలంటేనే అందరికీ ఇష్టం. మంచి పట్టులో ఆపేసి "తక్కినది రేపు" అనేది. నాకు అరవం అక్షరాలు నేర్పింది తనే. ళకి, ఴకి తేడా పలికించడానికి నా గడ్డం పట్టుకుని నాలుక ఎక్కడ పెట్టాలో చూపించేది. నేను కథలు రాయడం ఎక్కడ మొదలైందని ఎవరైనా అడిగితే ఆ చాప మీద అని చెబుతాను.

1989లో పెళ్లయింది. పలమనేరు వైపు ఇచ్చారు. 1991లో, ఎండాకాలంలో, పేపర్లో జిల్లా పేజీలో కింద మూల నాలుగు లైన్లు. స్టవ్ పేలి వివాహిత మృతి. వంట చేస్తుండగా ప్రమాదవశాత్తు చీరకు నిప్పంటుకుంది. తన పేరు ఉంది, వయసు ఉంది, ఊరు ఉంది. ఆ ఇంట్లో ఇంకెవరి పేరూ లేదు. వార్త మొత్తంలో నేరం ఎవరి మీదైనా ఉందంటే స్టవ్ మీదే.

నెల తర్వాత సారె సామాను తిరిగొచ్చింది. లారీ కూడా కాదు, ఎద్దులబండిలో. బిందెలు, గుండిగలు, మంచం కోళ్లు, వాటి మధ్యలో ఆ ఇత్తడి స్టవ్. పంపు కొట్టే స్టవ్. పెద్దమ్మ దాన్ని రెండు చేతులతో దించి అరుగు మీద పెట్టింది. ఎక్కడా సొట్ట లేదు. బర్నరుకు మసి కూడా పెద్దగా లేదు. వీధి వీధంతా వచ్చి చూసింది. ఎవరూ ఏమీ అనలేదు. మా నాయన ఒక్కసారి దాని పంపు నొక్కి చూసి, చెయ్యి తుడుచుకుని ఇంట్లోకి వెళ్లిపోయాడు. వరకట్న చావు నేరమని చట్టం తెచ్చింది 1986లో. పెళ్లయిన ఏడేళ్లలోపు ఇట్లాంటి చావు జరిగి, కట్నం కోసం వేధించారని తేలితే మొగుడూ అత్తింటివాళ్లే జవాబు చెప్పుకోవాలి. అప్పటికి ఆ చట్టానికి ఐదేళ్లు. పెద్దమనుషులు కూర్చున్నారు, అయిపోయింది.

తర్వాత మూడేళ్లకు, 1994లో, అదే వేపచెట్టు కింద అదే వీధి జనం ఆటో శంకర్ గురించి పోట్లాడుకున్నారు. మద్రాసులో ఆరు హత్యల కేసులో ఉరిశిక్ష పడినవాడు. జైల్లో తన కథ రాసుకున్నాడని, పెద్ద పెద్ద ఆఫీసర్లతో తనకున్న సంబంధాలు అందులో ఉన్నాయని, నక్కీరన్ పత్రిక దాన్ని వేస్తానంది. జైలు పెద్దలు వేయకూడదన్నారు. సుప్రీంకోర్టు దాకా పోయింది. మన తెలుగాయన, జస్టిస్ జీవన్‌రెడ్డి, అక్టోబరులో తీర్పు రాశారు. పబ్లిక్ రికార్డుల్లో ఉన్నంత మేరకు వాడి కథను వాడి అనుమతి లేకపోయినా వేసుకోవచ్చు, అచ్చు కాకముందే ఆపే హక్కు సర్కారుకు లేదు అని. మరుసటి ఏడాది వాణ్ని సేలం జైల్లో ఉరి తీశారు. హంతకుడి కథ అచ్చేయొచ్చా అని మా వీధిలో ఎంత వాదన! మా నాయన వేయాలనే పక్షం. అవన్నీ వింటూ పెద్దమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తూ ఉండేది. ఎక్కడో మద్రాసు హత్యల మీద అంత గొంతు పెంచినవాళ్లం, ఆ అరుగు మీదకొచ్చిన స్టవ్ గురించి ఒక్క మాట ఎత్తలేదు.

మరి ఎవరి పేరూ ఎత్తకూడదని ఇందాక రాశానే! అక్క విషయంలో గట్టిగా ఎత్తి ఉండాల్సింది. తన పేరూ, వాళ్ల పేర్లూ.

అదే తీర్పులో ఒక మినహాయింపు ఉందని చిన్నది రాత్రి అన్నం తింటూ చెప్పింది. పబ్లిక్ రికార్డులో ఉన్నది రాసుకోవచ్చు గానీ, అత్యాచారానికో అపహరణకో గురైన ఆడమనిషి పేరు పత్రికలకెక్కించి ఇంకోసారి అవమానించకూడదని. ముప్పయ్యేళ్లు దాటింది. 2019లో దిశ అని పేరు మార్చేలోపే ఆ అమ్మాయి అసలు పేరు, ఫొటో మన ఫోన్లన్నిటిలో తిరిగేశాయి.

ఢిల్లీ నిర్భయ ఘటన జరిగి మూడేళ్లయ్యాక, 2015 డిసెంబరులో, ఆ తల్లి సభలో నిలబడి తన కూతురి పేరు తనే చెప్పింది. నేనెందుకు సిగ్గుపడాలి అంది. అప్పుడు టీవీ ముందు నేను ఏడ్చాను. ఇవాళ ఐడీ కార్డు చూసి వణికిపోయాను. పేరు చెప్పడం రెండుచోట్లా ఒకటే. చెప్పిన నోరు వేరు. ఆ నీలం తాడు పిల్ల తల్లిని ఎవరూ అడగలేదు.

ఇక్కడిదాకా రాశాక ఇక దాటేయలేను. నేనూ అడగలేదు.

2004లో అక్క మీద కథ రాశాను. పేరు మార్చాను, ఊరు మార్చాను, స్టవ్ ఉంచాను. పెళ్లిళ్లకు కట్టుకునే చిలకపచ్చ చీర, వంగపండు రంగు అంచు, అదీ ఉంచాను, ఎందుకంటే అది నా కళ్లలోంచి పోదు. కథ అచ్చయిన నెలకు చిత్తూరు వెళితే పెద్దమ్మ నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి అంది: "పేరు మార్చినావు, సరేమ్మే. చీర మార్చలేదే. ఆ చీర ఎవురిదో ఈ ఈదిలో తెలీనోళ్లు ఎవురున్నారు? స్టవ్ గురించి రాసినావు, బాగుండాది. చీర నాది. ఇంకా పెట్టెలో ఉండాది."

నాకప్పుడు కోపం వచ్చింది. ఊరంతా నోరు మూసుకుంటే నేనొక్కదాన్ని రాశాను, దానికిదా అనుకున్నాను. రచయిత అన్నాక స్వేచ్ఛ ఉండాలి అని ఇంటికొచ్చి ఇంటాయనతో పెద్ద ఉపన్యాసం. రెండేళ్లు ఆ గడప తొక్కలేదు. ఆమె వద్దన్నది కథను కాదు. ఒక్క చీరని. ఆ మాట ఇవాళ పొద్దున పాలు తుడుస్తున్నప్పుడు వినబడింది, ఇరవై ఏళ్ల తర్వాత.

ఇదంతా ఇవాళే ఎందుకంటే, ఆ కథను ఒక సంకలనంలో వేసుకుంటామని పోయిన వారం అడిగారు. సోమవారం లోపు చెప్పాలి. మధ్యాహ్నం ఫైలు తెరిచి చిలకపచ్చ అన్నచోట నీలం అని కొట్టి చూశాను. కథ చచ్చిపోయింది. మళ్లీ చిలకపచ్చ చేశాను. మళ్లీ తీశాను. ఇప్పుడు అక్కడ ఖాళీ ఉంది.

సాయంత్రం దామలచెరువు నుంచి మరిది పెట్టెడు బేనీషాలు తెచ్చాడు. ఇల్లంతా వాసన. ఈ ఏడాది ఇవే మొదటి మంచి కాయలు, చిన్నది రెండు తినేసింది. వాటిలో బాగా పండనివి, ఆదివారానికి సరిపోయేవి ఆరు ఏరి పాతపేపర్లో చుట్టి పక్కన పెట్టాను. పెద్దమ్మకు ఇప్పుడు ఎనభై దాటాయి, చెవులు సరిగా వినబడవు, గట్టిగా చదవాలి. కథ ప్రింట్ తీసుకున్నాను, పెద్ద అక్షరాల్లో. ఏడున్నర చిత్తూరు బస్సుకు వెళ్తాను.