గాలి ఆగిన సందులో

ఈరోజు సెలవు. భోజనం అయ్యాక ఇంట్లో ఉండబుద్ధి కాలేదు, స్వీడన్‌లోని ఈ మాల్మో ఊళ్ళో వెస్ట్రా హామ్నెన్ వైపు నడిచాను. పడమటి రేవు అని ఆ పేరుకి అర్థం. సముద్రాన్ని పూడ్చి చేసిన ఈ నేల మీద ఒకప్పుడు కొకుమ్స్ కంపెనీ వాళ్ళు ఓడలు కట్టేవారు.

ఎవరు వచ్చినా ముందు టర్నింగ్ టోర్సోనే చూస్తారు. 190 మీటర్ల టవరు, కింది నుంచి పైకి వెళ్ళేసరికి 90 డిగ్రీలు మెలి తిరిగి ఉంటుంది. నాకు మాత్రం దాని పక్కన, 2001 గృహ ప్రదర్శన కోసం కట్టిన ఇళ్ళంటేనే ఇష్టం. ఒడ్డు మీద ఇవాళ గాలి ఎలా కొట్టిందంటే టోపీ చేత్తో పట్టుకునే నడిచాను, కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి, అలాంటిది రెండు ఇళ్ళ మధ్య నుంచి లోపలి సందులోకి తిరిగానో లేదో గాలి ఠక్కున ఆగిపోయింది! సముద్రం వైపు వరసని ఎత్తుగా గోడలా కట్టి, దాని వెనక చిన్న ఇళ్ళు పెట్టారు, సందుల్ని కూడా తిన్నగా వేయకుండా కాస్త వంకర తిప్పారు. ఇంతే కిటుకు. వాన నీళ్ళు పారే చిన్న కాలువ పక్కన ఒక పాప బొమ్మ పడవ వదులుతోంది, అక్కడే చాలాసేపు నిలబడిపోయాను. ఈ ఇళ్ళ వెచ్చదనంలో చాలా భాగం కూడా నేల కిందిదే. సున్నపురాయి పొరల్లోని నీటిలో వేసవి వేడిని దాచుకుని, చలికాలంలో హీట్ పంపులతో పైకి తెస్తారు.

ఒక్కటే మనసుకి పట్టడం లేదు. 138 మీటర్ల కొకుమ్స్ క్రేన్‌ని 2002లో విప్పి కొరియాలోని ఉల్సాన్‌కి తీసుకెళ్ళిపోయారు, హ్యుందాయ్ దాన్ని కొన్నది ఒక్క డాలరుకి. విప్పే ఖర్చు, తరలించే ఖర్చు వాళ్ళదే అనుకోండి, అయినా ఒక్క డాలరు! దాని కింద వెల్డింగ్ చేసిన మనిషి ఇవాళ ఈ సందులో ఇల్లు కొనగలడా? ఈ ఇళ్ళు మరీ ఖరీదన్న విమర్శ మొదట్నుంచీ ఉన్నదే. గాలి నుంచి ఇంత బాగా కాపాడే ఇల్లు అతనికీ దక్కాలి కదా అని నా బాధ.

చీకటి పడుతుంటే మళ్ళీ ఒడ్డుకి వచ్చాను. మలుపు దాటకముందే టోపీ చెవుల దాకా లాక్కున్నాను.