మెడ పట్టేస్తే ఏం చేయాలి: నా అనుభవం

బెంగళూరు ట్రాఫిక్‌లో సడన్ బ్రేకులు మామూలే. సిల్క్ బోర్డ్ దగ్గర క్యాబ్ అలా ఆగినప్పుడు నా మెడ ఒక్కసారి జర్కైంది. అప్పుడేమీ తెలియలేదు, మర్నాడు పొద్దునకి తల ఎడమకు తిరగలేదు. ఇలా ఆలస్యంగా పట్టేయడం సహజం. లోపల వాపు రావడానికి కొన్ని గంటలు పడుతుంది, దెబ్బతిన్నచోటుకి కాపలాగా చుట్టూ కండరాలు బిగుసుకుంటాయి.

నాకు నొప్పంతా రెక్క ఎముక పైమూలలో ఉంది. అక్కడ వేలితో నొక్కితే ప్రాణం పోయినట్టుండేది. మెడలో పై నాలుగు పూసల నుంచి ఆ మూలదాకా ఒక కండరం దిగుతుంది, పక్కకి తిరగనివ్వకుండా పట్టేసేది చాలాసార్లు అదే. కండరం కాకుండా ఎముకల్ని కలిపే లిగమెంట్ సాగినా ఇంట్లో చేసేది దాదాపు కింద చెప్పేదే.

మొదటి రెండు రోజులు ఐసు గుడ్డలో చుట్టి 15 నిమిషాల చొప్పున పెట్టాను. ఆ తర్వాత వేడి కాపడం. మెడ కదలకుండా చుట్టూ వేసుకునే కాలర్ పట్టీ మాత్రం వద్దనే చెప్తాను. రోజుల తరబడి వేసుకుంటే కండరాలు నీరసించి మెడ ఇంకా బిగుస్తుంది.

నన్ను నిజంగా బాగుచేసింది కదలికే. నొప్పి మొదలయ్యేచోటిదాకా మెల్లగా అటూ ఇటూ తిప్పడం, గంటకోసారి. కాస్త తగ్గాక గోడకి ఆనుకుని కూర్చుని, గడ్డం పైకీ కిందికీ వంచకుండా తలని నేరుగా వెనక్కి జరపాలి. గడ్డం కింద మడత పడిందంటే సరిగ్గా చేస్తున్నట్టే. 5 సెకన్లు ఆపి వదలాలి, అలా పదిసార్లు. చాలామంది తలని పైకెత్తేస్తారు, దాంతో మెడ వెనక ఇంకా నొక్కుకుంటుంది.

సెలూన్‌లో మెడ విరిపించుకోమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. దయచేసి వద్దు! మెడలోంచి మెదడుకి రక్తం తీసుకెళ్లే ధమని ఆ కుదుపుకి చీలే ప్రమాదముంది, పక్షవాతం దాకా వెళ్లొచ్చు.

చాలావరకు కొద్ది రోజుల నుంచి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. అయితే చేయి తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా, నడక తడబడినా, మూత్రం అదుపు తప్పినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. బండి మీద నుంచి పడినా, యాక్సిడెంట్‌లో గట్టి దెబ్బ తగిలినా ముందు డాక్టరుకి చూపించాలి, వ్యాయామాలు ఆ తర్వాతే. తల రెండువైపులా పూర్తిగా తిరిగేదాకా బండి తీయకండి.